రోగి పడక నుండి అద్దం ముందుకు

(నర్సుల దినమున భద్రాచలం అటవీ ప్రాంత సంఘాల స్త్రీల సహవాసం, యౌవనస్థుల ఉమ్మడి కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



మే నెల 12వ తేదీ ఫ్లారెన్స్ నైటింగేలు పుట్టిన రోజు. ఆమె 1820లో పుట్టింది. ఏటేటా ఈ రోజున మనం నర్సుల సేవను పొగిడి, ఒక శాలువా కప్పి, పండ్లు చేతికిచ్చి పంపిస్తాం. పొగడ్త మంచిదే. కాని ఆ సోదరి రోజుకు ఎన్ని గంటలు నిలబడుతున్నది, నెల జీతంతో ఇల్లు గడుస్తున్నదా, ఇంకో పదేళ్లు ఈ పనిలో ఉండగలదా అని మనం అడగం. ఈ ఏడు ఆ సంగతులే మాట్లాడుదామని కమిటీవారిని కోరాము. వారు ఇచ్చిన అంశం కొంతమంది పెద్దలకు వింతగా తోచవచ్చు. "నర్సు పని విడిచి సౌందర్య వైద్యంలో చేరవచ్చునా?" అన్నదే ఆ అంశం.

ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం సంఘాలలో తిరిగేటప్పుడు ఈ ప్రశ్న మాకు పలుమార్లు ఎదురైంది. చర్ల వైపు ఒక గ్రామంలో ఒక కుటుంబాన్ని దర్శించాము. ఆ ఇంటి ఆడపిల్ల జి.ఎన్.ఎం. చదివి, హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రి ఐ.సి.యు.లో ఏడేళ్లు పనిచేసింది. ఇప్పుడొక స్కిన్ క్లినిక్కువారు రమ్మంటున్నారు. పగటి డ్యూటీ, ఆదివారం సెలవు, జీతం మెరుగు. తల్లికి మనసొప్పలేదు. "బిడ్డా, పసికందును పట్టిన చేతులు, పీనుగును కడిగిన చేతులు. ఇప్పుడు పెద్దింటోళ్ల మొహాలు తోముతాయా?" అన్నది. కూతురు మావైపు తిరిగి, "అయ్యగారూ, ఆదివారం చర్చికి రానిచ్చే నౌకరీ ఇదొక్కటే దొరికింది. ఇది పాపమా?" అని అడిగింది.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. అటువంటి తల్లులకూ కూతుళ్లకూ జవాబుగా కొన్ని సంగతులు మనవి చేస్తాము.

సౌందర్య వైద్యం అంటే ఏమిటి?

పెద్దలు దీనిని బ్యూటీ పార్లరు పనితో కలిపి చూస్తారు. పార్లరు వేరు, ఇది వేరు. ముఖం మీద ముడతలు తగ్గించే ఇంజెక్షన్లు, పల్చబడిన బుగ్గలను, పెదవులను నింపే ఇంజెక్షన్లు, అవాంఛిత రోమాలను, మచ్చలను, పచ్చబొట్లను తీసే లేజరు, మొటిమల గుంటలకు చేసే చికిత్స, జుట్టు నాటడం ఇవన్నీ దీనిలోకి వస్తాయి. చర్మం లోపలికి సూది దిగే పని, చర్మాన్ని కాల్చగల యంత్రంతో చేసే పని గనుక ఇది వైద్యమే.

బొటాక్సు అనే పేరు మీరు వినే ఉంటారు. దాని కథ ఆసక్తికరమైనది. జర్మనీ దేశంలో చెడిపోయిన మాంసపు సాసేజీలు తిని మనుషులు చనిపోతుంటే, 1820 ప్రాంతంలో కెర్నర్ అనే వైద్యుడు ఆ విషాన్ని పరిశీలించి రాశాడు. ఆ విషాన్ని పుట్టించే సూక్ష్మజీవిని బెల్జియంలో వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రజ్ఞుడు పట్టుకుని 1897లో ప్రకటించాడు. తరువాత అమెరికాలో అలన్ స్కాట్ అనే కంటి వైద్యుడు ఆ విషాన్నే అతి స్వల్ప మోతాదులో మెల్లకన్నుకు మందుగా వాడవచ్చునని చూపించాడు. మెల్లకన్నుకూ, రెప్పలు బిగుసుకుపోయే జబ్బుకూ 1989లో అక్కడి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. కెనడాలో జీన్ కరుథర్స్ అనే కంటి డాక్టరమ్మ రెప్పల జబ్బుకు ఈ ఇంజెక్షన్ చేస్తుండగా, కనుబొమల నడుమ ముడతలు పోతున్నాయని ఒక రోగి గమనించి చెప్పింది. ఆ డాక్టరమ్మ భర్త చర్మవైద్యుడు. ఇద్దరూ కలిసి 1987లో తమ క్లినిక్కు రిసెప్షనిస్టు నుదుటిపై మొదటిగా ప్రయత్నించారు. ముడతల కోసం వాడడానికి అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది. ఆ ఇంజెక్షను ప్రభావం మూడు నాలుగు నెలలుంటుంది. మళ్లీ చేయించుకోవాలి. ఈ "మళ్లీ" అన్న మాటను జ్ఞాపకం ఉంచుకోండి. దాని సంగతి తరువాత వస్తుంది.

ముఖం బాగు చేయడం వ్యర్థమైన పనా?

ఆ తల్లి అడిగిన ప్రశ్న ఇదే. జబ్బు మాన్పడం సేవ, ముఖం బాగు చేయడం డాంబికం అని మనలో చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే ఈ తీర్పు నిలవదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాలలో తలెత్తిన సిపాయిల ముఖాలను తుపాకీగుండ్లు, ఇనుప తునకలు చీల్చివేశాయి. హెరాల్డ్ గిల్లీస్ అనే వైద్యుడు అటువంటివారి కోసం ఇంగ్లండులో సిడ్‌కప్ అనే చోట 1917లో ప్రత్యేకమైన ఆసుపత్రి నడిపించాడు. ఆ వార్డుల్లో అద్దాలు ఉంచేవారు కాదు. దవడ లేని మనిషికి గొట్టంతో పాలు పట్టింది, నెలల తరబడి కట్లు మార్చింది, భార్యాబిడ్డలు చూడడానికి వచ్చే రోజున ధైర్యం చెప్పింది నర్సులే. నేటి సౌందర్య శస్త్రచికిత్సకు ఆ వార్డులు పెద్ద పాఠశాల.

ఇక మనకు దగ్గరైన సంగతి. తెలంగాణలో నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరమ్మ కుష్ఠురోగుల కోసం ఆసుపత్రిని స్థాపించిన సంగతి మీలో పెద్దలకు తెలుసు. తమిళనాడులోని వేలూరుకు 1946లో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వచ్చాడు. ముడుచుకుపోయిన కుష్ఠురోగుల వేళ్లను స్నాయువులను మార్చి తిన్నగా చేశాడు. వేళ్లు తిన్నగా అయినవారు తిరిగి వచ్చి, ముఖం చూసి ఎవరూ పని ఇవ్వడం లేదని మొరపెట్టారు. జబ్బు పోయింది, చేతులు ఆడుతున్నాయి, కాని కనుబొమలు రాలిపోయిన ముఖం, కూలిపోయిన ముక్కు "వీడు కుష్ఠువాడు" అని ఊరంతటికీ చాటుతున్నాయి. అప్పుడాయన ముక్కులు నిలబెట్టాడు. తలమీద చర్మాన్ని రక్తనాళంతో సహా జరిపి కనుబొమలు అమర్చాడు. అవి తలవెంట్రుకలు గనుక తలజుట్టులాగే పెరిగేవి. కత్తిరించుకుంటూ ఉండాలి. కొందరు కత్తిరించడానికి ఇష్టపడలేదట. లేక లేక వచ్చిన కనుబొమలు మరి!

ఆ కనుబొమ వల్ల ప్రాణం నిలవలేదు, జ్వరం తగ్గలేదు. మనిషి తిరిగి సంతలోకి, పెళ్లి పందిట్లోకి, చర్చిలో ముందు వరుసలోకి వచ్చాడు. ప్రభువు కుష్ఠురోగిని ముట్టిన సంగతిని మనం ఎన్నో ఆదివారాలు విన్నాము. ముట్టకుండా బాగుచేయగలవాడే ముట్టాడు. ఊరికి వెలియైన మనిషిని ఊరిలోకి తేవడం ఆ చేతి స్పర్శలో ఉన్నది. ముఖం బాగు చేసే పని అంత దూరం పోగలదు.

కావున ఆ తల్లికి మేము చెప్పినది ఇది. "అమ్మా, ముఖం ముట్టడం చిన్న పని కాదు. ఎవరి ముఖం, ఎందుకు, ఎట్లా ముట్టుతున్నారన్నదే అడగాలి."

మన అమ్మాయిలు ఎందుకు విడిచి పోతున్నారు?

2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ వార్డుల్లో నిలిచిన నర్సులను మనం చూశాము. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటి, ఊళ్లకు ఊళ్లు పునరావాస శిబిరాలకు చేరినప్పుడు అక్కడ పసిపిల్లల జ్వరాలు చూసింది నర్సులు, ఏ.ఎన్.ఎం.లే. అట్టివారు పని విడిచి పోతున్నారంటే వారికి సేవాభావం లేదని అనడం అన్యాయం.

ప్రయివేటు ఆసుపత్రులలో నర్సుల జీతాల సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. 2016 జనవరిలో కోర్టు ఆదేశం మీద కేంద్రప్రభుత్వం నిపుణుల కమిటీ వేసింది. 200 పడకలకు మించిన ప్రయివేటు ఆసుపత్రిలో నర్సు జీతం ప్రభుత్వ నర్సు జీతంతో సమానంగా ఉండాలనీ, 100 దాటితే 10 శాతానికి మించి తగ్గరాదనీ, 50 నుండి 100 పడకలైతే 25 శాతానికి మించి తగ్గరాదనీ, 50 లోపు పడకల చిన్న ఆసుపత్రిలో సైతం నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదనీ ఆ కమిటీ సిఫారసు చేసింది. ఈ గదిలో ఉన్న సోదరీమణులు ఈ అంకెలు విని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చూపే మాకు జవాబు. సిఫారసు వచ్చి ఇన్నేళ్లయినా చాలా చోట్ల అది కాగితం మీదనే ఉన్నది.

దానికి తోడు రాత్రి డ్యూటీలు, నడుము నొప్పి, ఒక్కరే ఎందరో రోగులను చూడడం, రోగి చనిపోతే బంధువుల తిట్లు. పెళ్లయి బిడ్డ పుట్టాక ఈ బండి లాగడం కష్టం. కొందరు గల్ఫు పోతారు, కొందరు ఇంగ్లండు పోతారు, కొందరు స్కిన్ క్లినిక్కులో చేరతారు. ఆకలి వేసినవాడు అన్నం ఉన్న ఇల్లు వెదకడం పాపం కాదు. ఇంతవరకు కూతురి పక్షాన మాట్లాడాము.

ఇక ఆ సోదరి గమనింపవలసిన మూడు సంగతులు చెబుతాము.

మొదటిది: అక్కడ అవసరం ఎవరిదో తెలుసుకోండి

ఆసుపత్రికి రోగి వస్తాడు. జబ్బు అతనిని తెచ్చింది. అతనికి మీరు అవసరం. సౌందర్య క్లినిక్కుకు వచ్చే మనిషికి చాలా సార్లు జబ్బు లేదు. అక్కడ క్లినిక్కుకే ఆ మనిషి అవసరం. మూడు నాలుగు నెలలకు మళ్లీ రావాలని ఇందాక చెప్పుకున్నాము కదా! మళ్లీ రావాలంటే తన ముఖంలో ఇంకేదో లోపమున్నదని ఆ మనిషికి అనిపిస్తూ ఉండాలి. కొన్ని చోట్ల ఆ లోపాన్ని చూపించే పని కూడా నర్సుకే అప్పగిస్తారు. ఇన్ని ప్యాకేజీలు అమ్మితే ఇంత కమీషను అంటారు.

నర్సు శిక్షణలో మీరు నేర్చిన గొప్ప మాట ఒకటున్నది. అది "వద్దు" అన్న మాట. ఈ మోతాదు తప్పు, ఇవ్వను. ఈ రోగికి ఈ మందు పడదు, ఇవ్వను. డాక్టరును మళ్లీ అడుగుతాను. ఐ.సి.యు.లో ఈ మాట అన్న నర్సు ప్రాణం కాపాడుతుంది. సౌందర్య క్లినిక్కులో ఆ మాట అనడం ఇంకా కష్టం, ఎందుకంటే ఎదుట ఉన్న మనిషి డబ్బు తీసి బల్లమీద పెట్టింది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల పెదవులు లావు చేయమంటుంది. పెళ్లి పది రోజుల్లో ఉందని ఇంకొకరు తొందరపెడతారు. వేరొకరు ఎన్ని చేయించుకున్నా తృప్తి లేక, అద్దం చూసి ఏడ్చేవారు. వారికి సూది వద్దు, మనసు వైద్యుడు కావాలి. ఇంగ్లండు దేశంలో పద్దెనిమిదేళ్ల లోపువారికి అందం కోసం బొటాక్సు, ఫిల్లరు ఇంజెక్షన్లు చేయడాన్ని 2021 అక్టోబరు నుండి చట్టమే నిషేధించింది. మన దగ్గర ఆ కాపలా నర్సు మనస్సాక్షి కాయాలి.

అందుచేత ఉద్యోగంలో చేరకముందే ఒక ప్రశ్న అడగండి. "మేడమ్, ఈ కస్టమరుకు ఈ చికిత్స వద్దని నాకు తోస్తే, అలా చెప్పడానికి నాకు స్వేచ్ఛ ఉన్నదా?" ఆ ప్రశ్నకు నవ్వేసే చోట చేరకండి.

రెండవది: సూది ఎవరి పేరు మీద దిగుతున్నదో తెలుసుకోండి

ఇంగ్లండు, అమెరికాలలో నర్సులు ఈ రంగంలో బాగా ఎదిగారు. మన తెలుగు నర్సులకు ఇన్‌స్టాగ్రాములో ఆ వీడియోలు కనబడుతుంటాయి. కాని అక్కడి పరిస్థితి వేరు. ఇంగ్లండులో మందు రాసే అధికారం పొందడానికి నర్సు మళ్లీ ప్రత్యేకంగా చదివి రిజిస్టరు కావాలి. అయినా 2025 జూన్ నుండి, అందం కోసం వాడే ఇటువంటి మందు రాసే నర్సు ఆ మనిషిని ముఖాముఖి పరీక్షించి తీరాలని వారి నర్సింగు కౌన్సిలు నియమం పెట్టింది. ఫోనులో చూసి రాయడం కుదరదు. అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క నియమం.

మన దేశంలో 1947 నాటి నర్సింగు కౌన్సిలు చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగు, మంత్రసాని కమిషను చట్టం వచ్చింది. అయినప్పటికీ నర్సు తానే పరీక్షించి, తానే బొటాక్సు రాసి, తానే పొడిచే స్వతంత్ర హోదా మన దగ్గర లేదు. డాక్టరు చూసి, రాసి, బాధ్యత వహిస్తే, ఆయన పర్యవేక్షణలో నర్సు తన శిక్షణ మేరకు పనిచేయాలి. అందం కోసం చేసే శస్త్రచికిత్సలు, జుట్టు నాటడం గురించి జాతీయ వైద్య కమిషను 2022లో మార్గదర్శకాలు ఇస్తూ, వర్క్‌షాపులోనో యూట్యూబులోనో చూసినంత మాత్రాన ఆ పనికి శిక్షణ అయినట్లు కాదని డాక్టర్లకే చెప్పింది. డాక్టర్లకే చాలనిది మూడు రోజుల సర్టిఫికెటుతో మనకెట్లా చాలుతుంది? కొత్తగూడెంలోనో భద్రాచలంలోనో ఒక గది అద్దెకు తీసుకుని, గోడకు ఆ సర్టిఫికెటు తగిలించి ఇంజెక్షన్లు మొదలుపెడదామనే ఆలోచన ఎవరికైనా ఉంటే ఈ రోజే విడిచిపెట్టండి.

ప్రమాదం చిన్నది కాదు. ముఖం నింపే ఫిల్లరు పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం పాలిపోయి చచ్చిపడుతుంది. కంటి నాళాన్ని మూసివేస్తే చూపు పోతుంది. ఎక్కువగా వాడే హైలురోనిక్ యాసిడ్ రకానికి హైలురోనిడేజ్ అనే విరుగుడు మందున్నది. ఆ పాలిపోవడాన్ని వెంటనే గుర్తుపట్టి, డాక్టరును పిలిచి, విరుగుడు అందించగలగాలి. వేలితో నొక్కి రక్తం తిరిగి ఎంతసేపటికి వస్తున్నదో చూసే అలవాటు మీకు ఐ.సి.యు. నేర్పింది. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో లైసెన్సు లేని ఒక స్పాలో సొంత రక్తాన్ని ముఖానికి ఎక్కించే చికిత్స చేయించుకున్న స్త్రీలలో కనీసం ముగ్గురికి అక్కడే హెచ్.ఐ.వి. సోకినట్లు ఆ దేశపు ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించింది. సూది మళ్లీ వాడరాదు, రక్తపు గొట్టం మీద పేరు రాయాలి. ఇవి మీరు మొదటి సంవత్సరంలో నేర్చిన పాఠాలు. ఆ పాఠాలు లేని చోట అటువంటి కీడు జరిగింది.

లేజరు సంగతి కూడా ఒకటి చెప్పాలి. మన చర్మం నలుపు, చామనఛాయ. తెల్లచర్మానికి సరిపోయే లేజరు అమరిక మన చర్మాన్ని కాల్చి నల్లమచ్చలు మిగులుస్తుంది. రోమాలు తీయడానికి ముదురు రంగు చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్.డి. యాగ్ లేజరు ఎక్కువ క్షేమమని వైద్యులు చెబుతారు. అయినా ముందు చిన్న చోట పరీక్షించి, కొన్నాళ్లు ఆగి చూడాలి. కంటికి అద్దాలు పెట్టాలి. గర్భిణియా, పాలిచ్చే తల్లియా, ఏ మాత్రలు మింగుతున్నది, పెదవిమీద పొక్కుల జబ్బు ఉన్నదా అని అడిగి రాసుకోవాలి. అడగడం, రాయడం, పరీక్షించడం, కాచుకుని చూడడం నర్సు పనులు. మీరు ఆసుపత్రి విడిచినా ఈ నాలుగు మీతో రావాలి.

మూడవది: ఎవరి రంగును ఎవరు తప్పంటున్నారు?

ఈ సంగతి నర్సులకే కాదు, ఇక్కడి తల్లిదండ్రులందరికీ చెబుతున్నాము. ఆ క్లినిక్కులకు వచ్చే ఆడపిల్లల్లో చాలామంది అడిగేది ముడతల సంగతి కాదు, రంగు. ఆ కోరిక ఎక్కడ పుట్టింది? పెళ్లిచూపుల్లో పుట్టింది. "పిల్ల చదువుకున్నది, పాట పాడుతుంది, అయితే కొంచెం రంగు తక్కువ" అనే మాట చర్చి అరుగు మీద కూడా వినబడుతుంది. మనదేశంలో 1975లో వచ్చిన పేరుమోసిన ఫెయిర్‌నెస్ క్రీము ఒకటి 2020లో తన పేరులోంచి ఆ "తెలుపు" మాటను తీసివేసింది. కంపెనీ సైతం మాట మార్చింది, మన నోళ్లు ఇంకా మార్చలేదు.

దీని ఫలితం మన పల్లెల్లోనే కనబడుతున్నది. కొన్ని చర్మవ్యాధులకు వాడే బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్ క్రీములను పిల్లలు తెల్లబడడానికి నెలల తరబడి ముఖానికి పూస్తున్నారు. మొదట నిగనిగలాడుతుంది. తరువాత చర్మం పల్చబడి ఎర్రగా మండుతుంది, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి, మానేస్తే మంట ఇంకా ఎక్కువవుతుంది. ఇది ఎంత పెరిగిందంటే 2018లో ప్రభుత్వం ఇటువంటి క్రీములను చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చవలసి వచ్చింది. అయినా కిరాణా కొట్టులో కూడా దొరుకుతున్నది. ఇక తెల్లబడడానికి గ్లూటాథయోన్ సెలైను ఎక్కించే పని కొన్ని చోట్ల జోరుగా సాగుతున్నది. అటువంటి వాడకం క్షేమం కాదని ఫిలిప్పీన్స్ దేశపు ఔషధ నియంత్రణ శాఖ 2011లోనే హెచ్చరించింది. సోదరీమణులారా, ఆ సెలైను సీసా వేలాడదీసే చేయి మీది కాకూడదు.

మన కోయ తల్లుల నుదుట, చేతుల మీద పచ్చబొట్లు ఉంటాయి. చచ్చినా వెంట వచ్చే సొమ్ము పచ్చబొట్టేనని పెద్దలు అంటారు. ఆ తల్లుల మనుమరాండ్రు పట్నం హాస్టలులో ఎవరో నవ్వారని లేజరుతో తీయించుకోవాలని అడుగుతున్నారు. తీయించుకోవడం వారి ఇష్టం, దానిని మేము తప్పు పట్టము. కాని దానికి ఎన్నో వారాల ఎడంతో ఎన్నోసార్లు పోవాలి, నొప్పి ఉంటుంది, కొంత మచ్చ మిగలవచ్చు అని నిజం చెప్పే నర్సు అక్కడ ఉండాలి. "తీయకపోయినా నీ ముఖంలో తప్పు లేదమ్మా" అని చెప్పే నర్సు ఉంటే ఇంకా మేలు. ఆ మాట మన కోయభాష వచ్చిన నర్సు చెబితే ఎంత హత్తుకుంటుంది!

మన అడవి అంచున ఈ విద్యకు పనిలేదా?

సౌందర్య వైద్యం బంజారాహిల్సు పని, మనకెందుకు అని కొందరు అంటారు. మన ప్రాంతాన్ని ఒకసారి చూద్దాం.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారకముందే చెట్ల కిందికి పోయేవారు, వేసవిలో తునికాకు కోసేవారు మనవారు. ఆ ఇప్పపువ్వుకే ఎలుగుబంటి కూడా వస్తుంది. ఎలుగు మీదపడితే ముఖాన్నే చీరుతుంది. కుట్లు వేసి ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపుతారు. ఆ తరువాత ఆ మనిషి తలకు గుడ్డ కప్పుకుని సంతకు రావడం మానేస్తాడు. కట్టెల పొయ్యి, కిరోసిన్ దీపం అంటుకుని కాలిన స్త్రీల మెడలు ముడుచుకుపోతాయి. 2008లో వరంగల్లులో ఇంజినీరింగు విద్యార్థినుల మీద జరిగిన యాసిడ్ దాడిని మనం మరచిపోలేదు. గ్రహణమొర్రితో పుట్టిన బిడ్డను గ్రహణం నాడు తల్లి చేసిన తప్పని ఇంకా నిందించే ఊళ్లున్నాయి. బొల్లి వచ్చిన పిల్లకు పెళ్లి కాదు. బొల్లి అంటుకోదని చెప్పేవారు లేరు.

కాలిన మచ్చకు సిలికాన్ పట్టీ ఎట్లా వేయాలి, బిగుతు తొడుగు ఎన్ని నెలలు వేసుకోవాలి, మచ్చను ఎట్లా మర్దన చేయాలి, మెడ ముడుచుకోకుండా ఏ వ్యాయామం చేయించాలి, గ్రహణమొర్రి బిడ్డకు పాలెట్లా పట్టాలి, ఎవరిని లేజరుకు పంపాలి, ఎవరిని ప్లాస్టిక్ సర్జను దగ్గరకు పంపాలి. ఇవన్నీ నేర్చిన నర్సు చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం వైపు ఒక్కరున్నా ఎంతో మేలు. ఈ విద్య మీరు పట్నం క్లినిక్కులోనే నేర్వవలసి ఉంటే నేర్వండి. నేర్చినదానిలో కొంత ఇటు తెండి. నెలకొక శనివారం, మన పాస్టరేటు బంగళా వరండా, ఒక చర్మవైద్యుడు, ఒక నర్సు. ఇంతకంటే పెద్ద ఏర్పాటు అక్కరలేదు.

నూటయాభై ఏళ్లకు పైబడి దుమ్ముగూడెం ప్రాంతంలో కోయవారి మధ్య సేవ ప్రారంభించినవారిలో కొందరు గోదావరి ఆనకట్టల పనికి వచ్చిన ఇంజినీర్లు. వారు తమ ఉద్యోగం చేసుకుంటూనే ఈ అడవి ప్రజలను చూశారు. జీతం ఒక చోట, భారం ఒక చోట ఉండడం మన మండలానికి కొత్త కాదు.

సంఘానికి మనవి

చివరగా సంఘ పెద్దలతో రెండు మాటలు. మన పిల్లలు ఆసుపత్రి పని విడిచి పోతున్నారని బాధపడేవారు, మొదట మన చేతిలో ఉన్న సంస్థలలో జీతం పట్టీ తెరిచి చూడవలెను. ఇందాక చెప్పిన 20,000 రూపాయల అంకె పక్కన పెట్టి చూడవలెను. త్యాగం చేయమని ఆడపిల్లకు చెప్పి, కమిటీ మాత్రం ఏ త్యాగమూ చేయకుండా ఉంటే ఆ మాటకు బలం లేదు. రెండవది, వేరే రంగానికి పోయిన నర్సును పేరు పెట్టి దెప్పవద్దు. ఆమెను పిలిచి, యౌవన స్త్రీల కూడికలో ఆ స్టెరాయిడ్ క్రీముల సంగతి చెప్పించండి. మేము గంటసేపు చెప్పినదానికంటే ఆమె పది నిమిషాల మాట ఎక్కువ ఇళ్లను కాపాడుతుంది.

నర్సు సోదరీమణులారా, మీరు ఐ.సి.యు.లోనే ఉండండి, అద్దాల గదిలోకే వెళ్లండి, ఎక్కడున్నా మీ రిజిస్ట్రేషను పత్రం మీద ఉన్న పేరు నర్సు. అడగండి, రాయండి, పరీక్షించండి, కాచుకుని చూడండి, అవసరమైన చోట వద్దనండి. ఆ సంగతులు మానమని చెప్పే యజమాని ఎంత జీతమిచ్చినా అది చౌక బేరం. వాటిని నిలుపుకోనిచ్చే చోట మీరు చేసే పని సేవేనని ఈ సంఘం ముందు మేము చెబుతున్నాము. ఆ తల్లి కూడా చివరకు కూతురితో అన్నది, "పోతే పో బిడ్డా, కాని మన రంగుపిల్ల ఎవరన్నా వస్తే ముందు మంచిగా మాట్లాడు." ఇంతకంటే మంచి ఉద్యోగ నియమం ఏ క్లినిక్కు గోడమీదా మేము చూడలేదు.

మీ చేతులకు బలమును, మీ మాటకు ధైర్యమును, మీ ఇండ్లకు సమాధానమును దేవుడు దయచేయును గాక. ఆమేన్.